నిలవ పెట్రోలుకు మందు వేయాలా?

యంత్రాలు, వాహనాలపై పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో అయిదు ఒకే సంగతిని వేర్వేరు వైపుల నుంచి అడుగుతున్నందున, మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి వీటినే తీసుకుంటున్నాను. నెలల తరబడి వాడని బండిలోనో చిన్న ఇంజనులోనో మిగిలిన పెట్రోలు ఏమవుతుంది, దానిని కాపాడతాయని చెప్పి అమ్మే సీసాలను కొనాలా వద్దా అన్నది ఆ సంగతి. ఈ సీసాలపై ఫ్యూయల్ స్టెబిలైజర్ అని రాసి ఉంటుంది. మన ఇళ్లలో స్టెబిలైజర్ అంటే ఫ్రిజ్ పక్కన గోడకు తగిలించే పెట్టె కనుక, అయోమయం లేకుండా ఇక్కడ దీనిని నిలవ మందు అంటాను.

ప్రశ్న: అక్టోబరు చివరి వారంలో నేనూ నా భార్యా అమెరికాలోని మిన్నెసోటాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లి, ఏప్రిల్‌లో తిరిగి వస్తాము. ఇంట్లో 2012లో కొన్న కార్బురేటరు మోటారు సైకిలు, 2021లో కొన్న స్కూటరు ఉన్నాయి. చలికాలం రాగానే మా అబ్బాయి తన బండి ట్యాంకులో నిలవ మందు కలిపి గ్యారేజీలో పెడతాడట. మమ్మల్నీ అలాగే చేయమంటున్నాడు. కర్నూలులో మంచు కురవదు కదా, మనకు దాని అవసరం ఉందా? ఉంటే, ఆ సీసాను అక్కడి నుంచి తెచ్చుకోవచ్చా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: మీ అబ్బాయి మందు కలిపేది చలికి భయపడి కాదు. అక్కడ శీతకాలమంతా రోడ్ల మీద మంచూ, ఆ మంచును కరిగించడానికి చల్లే ఉప్పూ ఉంటాయి గనుక మోటారు సైకిలు నెలల తరబడి బయటికి రాదు. అన్నాళ్లు పెట్రోలు ట్యాంకులో కదలకుండా ఉండిపోవడమే అతని సమస్య. చలి ఒక విధంగా ఆ పెట్రోలుకు మేలే చేస్తుంది. పెట్రోలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడిపోయే వేగం, ముతక లెక్కలో, వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ రెండింతలవుతుందంటారు. ఆ లెక్కన సున్నా డిగ్రీల గ్యారేజీలో కంటే 40 డిగ్రీల రేకుల షెడ్డులో అది పదహారు రెట్లు తొందరగా పాడవుతుంది. కర్నూలులో మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాలను తలచుకుంటే, ఆ మందు అవసరం మీ అబ్బాయి కంటే మీకే ఎక్కువేమో.

పెట్రోలు ఒకే పదార్థం కాదు. 30 డిగ్రీల దగ్గరే ఆవిరయ్యే తేలిక ద్రవాలు మొదలుకొని 200 డిగ్రీల దాకా కాగితే గాని ఆవిరి కాని బరువైన వాటి వరకు ఎన్నో అందులో కలిసి ఉంటాయి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తొలి కిక్కుకు అంటుకునేవి ఆ తేలిక ద్రవాలే. నిలవ ఉంచితే ముందుగా ఎగిరిపోయేవీ అవే. వెనుక మిగిలిన వాటిలో కొన్ని, ముఖ్యంగా ఓలిఫిన్లనే రకం, ఆక్సిజన్‌తో కలిసి మొదట పెరాక్సైడ్లుగా, తరువాత జిగురుగా మారతాయి. రాగి కలిసిన లోహాలు తగిలితే ఈ మార్పు ఇంకా వేగం అందుకుంటుంది, కార్బురేటరులో పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రాల ముక్కలు, అంటే జెట్లేమో ఇత్తడివి. మెకానిక్కులు స్లో జెట్ అనే భాగంలో రంధ్రం చాలా బండ్లలో అర మిల్లీమీటరు కూడా ఉండదు గనుక, పల్చటి జిగురు పొర చాలు దానిని మూయడానికి. ఊరి నుంచి రాగానే బండి చోక్ వేస్తేనే నడిచి, చోక్ తీయగానే ఆగిపోతే, అది ఈ రంధ్రం చెబుతున్న ఫిర్యాదే.

నిలవ మందులో ప్రధానంగా ఉండేవి ఆక్సిజన్‌తో జరిగే ఆ చర్యను అడ్డుకునే రసాయనాలు. వాటికి తోడుగా, రాగి వంటి లోహాల ప్రేరణను అణచేవి, ట్యాంకు లోపల తుప్పు పట్టకుండా చూసేవి కూడా కొన్నింటిలో కలుపుతారు. తేలిక ద్రవాలు ఎగిరిపోవడాన్ని మాత్రం ఏ మందూ ఆపలేదు. ఆ పని బిగువైన మూత, చల్లని నీడ చేయాలి. దీనిని ఊరగాయలో ఉప్పూ నూనెల వంటిదిగా భావించండి: కలిపిన రోజున వేస్తేనే పనికొస్తాయి, బూజు పట్టాక ఎంత వేసినా లాభం లేదు. కాబట్టి బయలుదేరే ముందు రోజు బంకులో కొత్త పెట్రోలు పోయించుకొని, అప్పుడే మందు కలపాలి. ట్యాంకులో నెల కిందటి పెట్రోలు సగం ఉంటే, దానిని ముందుగా తిరిగి ఖర్చు చేయండి.

ఇథనాల్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని మీద భయాలు అవసరానికి మించి ప్రచారంలో ఉన్నాయి. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. 10 శాతం కలిసిన పెట్రోలు తనలో దాదాపు అర శాతం నీటిని ఇముడ్చుకోగలదు, అది దాటితే ఇథనాలూ నీరూ జతకట్టి ట్యాంకు అడుగున వేరే పొరగా దిగిపోతాయి. చల్లబడిన కొద్దీ ఈ ఓర్పు తగ్గుతుంది, అందుకే చలి దేశాలవారికి దాని గురించి అంత బెంగ. మన 20 శాతం పెట్రోలు అంతకంటే ఎక్కువ నీటినే భరిస్తుంది. పైగా నవంబరు నుంచి మే వరకు మన రాయలసీమ గాలిలో తేమ ఎంతని! ఇక్కడ ట్యాంకులోకి నీరు వచ్చే దారులు వేరు. మూత కింది రబ్బరు ఎండి పగిలిపోతే, ఆరుబయట నిలిపిన బండిలోకి వాన నీరు దిగుతుంది, సర్వీసింగులో కొట్టే పైపు నీళ్లూ దిగుతాయి. ఆ రబ్బరును ఒకసారి చూసుకోండి. 2012 నాటి బండి ఇంత ఇథనాలును దృష్టిలో పెట్టుకొని చేసింది కాదు గనుక, ట్యాంకు నుంచి కార్బురేటరుకు వచ్చే పైపు ఉబ్బిందేమో, మెత్తబడిందేమో కూడా చూడండి.

ఇక చేయవలసిన పని. మోటారు సైకిలు ట్యాంకు ఇనుపది కనుక ఖాళీగా ఉంచితే లోపల తుప్పు పడుతుంది. దానిని నింపి, మందు కలిపి, పది నిమిషాలు నడిపి, ఇంటికి వచ్చాక ట్యాంకు కింది కుళాయిని, అంటే పెట్రోలు కాక్‌ను మూసేసి, ఇంజను దానంతట అది ఆగేవరకు వదలండి. అప్పటికీ కార్బురేటరు కింద పెట్రోలు నిలిచే బౌలు అనే చిన్న గిన్నె అడుగున కాస్త మిగులుతుంది, కింది స్క్రూ వదులు చేసి దానినీ దింపేయండి. అన్నిటికంటే ముందు చెడేది ఆ బౌలులోని గుక్కెడు పెట్రోలే, ఎందుకంటే అది గాలికి తెరిచి ఉంటుంది. స్కూటరు సంగతి వేరు. 2020 ఏప్రిల్ తరువాత బీఎస్ 6 నియమాలకు తయారైన మీ స్కూటరులో కార్బురేటరుకు బదులు పెట్రోలును చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి ఉంటుంది, బౌలు ఉండదు. పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉండి ఆ పెట్రోలుతోనే చల్లబడుతుంది. కాబట్టి దానిని ఎండగట్టి ఆపే ప్రయత్నం చేయకండి. నింపి, మందు కలిపి, ఆ మందు ఇంజెక్టరు దాకా చేరేటట్టు పది నిమిషాలు నడిపితే చాలు. రెండు బండ్లకూ బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పి పెట్టండి.

నింపమన్నాను గదా అని మూతి దాకా పోయించకండి. పెట్రోలు ప్రతి డిగ్రీకి దాదాపు వెయ్యో వంతు వ్యాకోచిస్తుంది. పది లీటర్ల పెట్రోలు 25 డిగ్రీల నుంచి 45కు వేడెక్కితే దాదాపు 200 మిల్లీలీటర్లు పెరుగుతుంది. ఆ మేరకు చోటు లేకపోతే అది గాలి రంధ్రం గుండా బయటికి కారుతుంది.

సీసాను విమానంలో తెచ్చుకోవడం కుదరదు. ఇలాంటి మందులు చాలావరకు మండే ద్రవాలే కనుక చేతి సంచిలోనైనా, పెద్ద పెట్టెలోనైనా అనుమతించరు. మన దేశంలోనే ఆన్‌లైన్‌లోనూ, పెద్ద ఊళ్ల స్పేరు పార్టుల దుకాణాలలోనూ దొరుకుతున్నాయి. కొలత ఔన్సులు, గ్యాలన్లలో రాసి ఉంటే కంగారు పడనక్కర లేదు: ఒక ఔన్సు దాదాపు 30 మిల్లీలీటర్లు, అమెరికా గ్యాలన్ దాదాపు 3.8 లీటర్లు. రెండున్నర గ్యాలన్లకు ఒక ఔన్సు అని ఉందనుకోండి, లీటరుకు మూడు మిల్లీలీటర్ల చొప్పున పడుతుంది. మందుల దుకాణంలో దొరికే సిరంజి ఈ కొలతకు చక్కగా సరిపోతుంది. రెట్టింపు వేస్తే రెట్టింపు కాలం నిలుస్తుందని అనుకోవద్దు.

ఇంత చెప్పిన తరువాత కూడా నా సలహా అడిగితే, మీ తమ్ముడి కొడుకో, నమ్మకమైన పొరుగువారో పదిహేను రోజులకొకసారి ఒక్కో బండిని పది కిలోమీటర్లు తిప్పి, ట్యాంకు తగ్గినప్పుడల్లా రెండు లీటర్లు పోయించే ఏర్పాటు ఈ మందు కంటే మేలు. నిలబెట్టిన చోటనే అయిదు నిమిషాలు రేజ్ చేసి ఆపేయడం మాత్రం వద్దని వారికి చెప్పండి. ఇంజను సరిగా వేడెక్కదు, లోపల చేరిన తేమ నూనెలోనే ఉండిపోతుంది.

ప్రశ్న: మాది వర్షాధారపు శనక్కాయ, బోరు కింద టమోటా. మందు కొట్టడానికి రెండు స్ట్రోకుల తైవాన్ స్ప్రేయరు ఉంది. పంట ఎత్తిన తర్వాత అది నెలల తరబడి మూల పడి ఉంటుంది, మళ్లీ తీస్తే ఒక ఏడు కూడా సక్రమంగా స్టార్టు కాలేదు. ఆయిలు కలిపిన పెట్రోలు నీళ్ల సీసాలో మిగిలితే మరుసటి పంటకు అదే వాడతాను. నిలవ మందు వేస్తే ఈ బెడద తప్పుతుందా?
— రైతు, కళ్యాణదుర్గం

జవాబు: తప్పవచ్చు గాని, మీరు ఆ ఖర్చు పెట్టనవసరం లేదని నా అభిప్రాయం. మీ స్ప్రేయరు ట్యాంకులో లీటరు కూడా పట్టదు. అంత కొంచెం పెట్రోలును ఆరు నెలలు కాపాడటానికి సీసా కొనడం కంటే దానిని తీసేయడం సులభం, నిశ్చయం కూడా. ఆఖరిసారి మందు కొట్టిన రోజునే ట్యాంకును వంపేసి, ఇంజనును స్టార్టు చేసి, ఎక్సలేటరు తగ్గించి, మెల్లగా నడుస్తూ అదే ఆగిపోయేవరకు ఉంచండి. గట్టిగా రేజ్ చేస్తూ ఎండగట్టకండి. రెండు స్ట్రోకుల ఇంజనుకు నూనె అందేది పెట్రోలుతోనే గనుక, పెట్రోలు అడుగంటే వేళ దానిని పరుగెత్తిస్తే పిస్టనుకు దెబ్బ. ఆగాక ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో మీరు పెట్రోలులో కలిపే టూ-టీ ఆయిలును టీ చెంచాడు పోసి, తాడును మూడు నాలుగు సార్లు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించేయండి.

మిగిలిన మిశ్రమాన్ని మరుసటి పంటకు దాచడమే మీ అసలు బెడద. దానిలో కలిసిన ఆయిలు పెట్రోలును కాపాడుతుందని చాలామంది రైతులు నమ్ముతారు. ఆ నమ్మకానికి ఆధారం చాలా స్వల్పం. తేలిక ద్రవాలు ఎగిరిపోతే ఆయిలు అక్కడే ఉంటుంది కాబట్టి మొదట మీరు కలిపిన పాళ్లు కూడా మారిపోతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం, సీసాలోకి నీరు చేరినప్పుడు వస్తుంది. ఇథనాలూ నీరూ కలిసి అడుగున పొరగా దిగితే, ఆ పొరలో ఆయిలు దాదాపు ఉండదు. ఇంజను పీల్చేది అడుగు నుంచే గనుక, నూనె లేని ద్రవం లోపలికి వెళ్లి పిస్టను పట్టేస్తుంది. నా చేతిలోనే గడ్డి కోసే బ్రష్ కట్టరు ఒకటి అలా పట్టేసింది. కిందటేటి మిశ్రమమని తెలిసి కూడా, పారబోయడానికి మనసు ఒప్పక వాడాను. ఆ మూడు వందల మిల్లీలీటర్ల పెట్రోలును పొదుపు చేయబోయి కొత్త సిలిండరు, పిస్టను కొనవలసి వచ్చింది.

కాబట్టి ఆ వారానికి సరిపడా మాత్రమే కలుపుకోండి. మీ యంత్రం పుస్తకంలో 50కి ఒకటి అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి ఒకటి అని ఉంటే 40 మిల్లీలీటర్లు. అయినా నిలవ ఉంచక తప్పని పరిస్థితి ఉంటే, అప్పుడు నిలవ మందు అర్థవంతమే: బంకు నుంచి తెచ్చిన నాడే పెట్రోలులో మందు, ఆయిలు రెండూ కలిపి, డబ్బా మీద తేదీ రాసి పెట్టండి. డబ్బా అంటే నీళ్ల సీసా కాదు. వెలుతురు తగిలే పల్చటి సీసాలో పెట్రోలు తొందరగా చెడుతుంది, ఆవిరి కూడా నిలవదు. పిల్లలు నీళ్లనుకొని తాగే ప్రమాదం వేరే. 1934 నాటి పెట్రోలియం చట్టం అమ్మకానికి కాని పెట్రోలును 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోనిస్తుంది గాని, గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలో, బిగువైన మూతతో ఉంచాలంటుంది. గాజు, పింగాణీ అయితే లీటరుకు, లోహమైతే 25 లీటర్లకు మించకూడదు.

ప్రశ్న: మా తమ్ముడు కువైట్ వెళ్లి రెండేళ్లయింది, సంక్రాంతికి వస్తున్నాడు. అతని బండి అప్పటి నుంచి పెరట్లో కవరు కప్పి ఉంది. మూత తీస్తే పెట్రోలు రంగుల డబ్బా వాసన వస్తోంది. ఒక దుకాణంలో అడిగితే, ఫలానా సీసా పోస్తే పాత పెట్రోలు మళ్లీ కొత్తదవుతుంది, ట్యాంకు విప్పనక్కర లేదు అన్నారు. నిజమేనా?
— పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: నిజం కాదు. మారిపోయిన పెట్రోలును వెనక్కు మార్చే మందు లేదు. దుకాణంవారు చూపింది బహుశా ఇంజెక్టరు క్లీనరో, ఆక్టేన్ బూస్టరో అయి ఉంటుంది. మొదటిది నడుస్తున్న బండిలో పేరుకున్న మసిని, పలుచటి జిగురును కొద్దికొద్దిగా కరిగించడానికి, రెండోది ఇంజను టకటకమని కొట్టుకోకుండా (నాకింగ్ రాకుండా) చూడటానికి పనికొస్తాయి. నిలవతో వాటికి సంబంధం లేదు. నీటిని తొలగిస్తుందని అమ్మే ఇంకో రకం ఉంది, అందులో చాలావరకు ఉండేది ఆల్కహాలే. ఇప్పటికే అయిదో వంతు ఆల్కహాలు ఉన్న మన పెట్రోలులో ఇంకాస్త ఆల్కహాలు పోసి ఏం సాధిస్తామో నాకు అర్థం కాదు.

కిక్కు కొట్టకముందే ఆ పెట్రోలంతా దింపించండి. ట్యాంకు లోపలికి టార్చి వేసి చూడండి. అడుగు గోధుమరంగులో ఉంటే అది తుప్పు, ట్యాంకును విప్పి కడిగించవలసిందే. కార్బురేటరు బండి అయితే జెట్లు విప్పి, కార్బురేటరు క్లీనరుతో కడిగి, గాలి కొట్టించాలి. జెట్లను సూదితోనో ఇనుప తీగతోనో పొడిచే మెకానిక్కును ఆపండి. ఇత్తడి రంధ్రం కొంచెం పెద్దదైనా మైలేజీ పోతుంది. ఇంజెక్షన్ బండి అయితే ట్యాంకులోని పంపు, దాని జల్లెడ చూడాలి. దింపిన పెట్రోలును కాలువలో పోయవద్దు, చెత్త తగలబెట్టడానికి అసలే వద్దు. స్పేరు పార్టులు కడుక్కోవడానికి వర్క్‌షాపువారు తీసుకుంటారు. తమ్ముడు మళ్లీ వెళ్లేటప్పుడు మాత్రం ట్యాంకు ఖాళీ చేసి, లోపల కొంచెం ఇంజను ఆయిలు పోసి అన్ని వైపులా తగిలేలా వంచి, మూత బిగించి పెట్టండి. రెండేళ్ల గైర్హాజరీకి నిలవ మందు మీద భరోసా పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: ట్యాంకులో రెండు కలరా ఉండలు వేస్తే పెట్రోలు చెడదని మా నాన్నగారి కాలం నుంచి వింటున్నాను. కొందరు అర లీటరు కిరోసిన్ పొయ్యమంటారు. ఇందులో ఏది మంచిది?
— పాఠకురాలు, కడప

జవాబు: రెండూ వద్దు. కలరా ఉండలు, అంటే నాఫ్తలీన్, పెట్రోలులో కరుగుతాయి. పెట్రోలు ఆవిరైన చోట, అంటే సరిగ్గా ఆ జెట్ల దగ్గరే, తిరిగి గట్టిపడి పేరుకుంటాయి. కిరోసిన్ బరువైన ద్రవం, దాని ఆక్టేన్ తక్కువ. ఇంజను కొట్టుకుంటుంది, పొగ వస్తుంది, చెడిపోవడాన్ని మాత్రం ఆపదు.

ప్రశ్న: మా చీనీ తోటలో డీజిలు ఆయిలింజను కరెంటు లేనప్పుడు మాత్రమే వాడతాము, కొన్నిసార్లు ఎనిమిది నెలలు దానిని ముట్టుకోము. చలికాలంలో డీజిలు గడ్డకట్టకుండా కలిపే మందు వేయమని ఒకరు చెప్పారు. పెట్రోలుకు వేసే నిలవ మందునే డీజిలుకూ వేయవచ్చా?
— రైతు, తాడిపత్రి

జవాబు: గడ్డకట్టడం గురించి నిశ్చింతగా ఉండండి. డీజిలులోని మైనం విడివడి ఫిల్టరును మూసేది బాగా చలి ఉన్న చోట. లడఖ్ వంటి ప్రాంతాల కోసం ఇండియన్ ఆయిల్ 2019లో సున్నాకు దిగువన 33 డిగ్రీలలో కూడా ప్రవహించే ప్రత్యేక డీజిలును తెచ్చింది. తాడిపత్రిలో మీకు ఆ మందు దండగ.

డీజిలుకు శత్రువు నీరు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో, వానకాలపు రాత్రులలో చల్లబడిన రేకు లోపలి వైపు చెమ్మ పట్టి, బొట్లుగా అడుగుకు దిగుతుంది. ఆ నీరూ డీజిలూ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు పెరిగి, గోధుమరంగో నలుపో జిడ్డు నాచులాగా తయారై ఫిల్టరును కమ్ముకుంటాయి. పెట్రోలు నిలవ మందు దీనికి పనిచేయదు. డీజిలుకని రాసి ఉన్నది వేరే దొరుకుతుంది, సూక్ష్మజీవులను చంపేది ఇంకొకటి. రెండింటినీ కొనేముందు ట్యాంకు అడుగు బిరడా తీసి, కాఫీ గ్లాసెడు డీజిలును గాజు గ్లాసులోకి పట్టి, పది నిమిషాలు కదల్చకుండా ఉంచి చూడండి. అడుగున నీటి పొర కనబడితే అది పోయేదాకా దింపండి, ఫిల్టరు మార్చండి, ట్యాంకును నింపి ఉంచండి. నెలకొకసారి ఇంజనును తిప్పి అరగంట నీళ్లు పారించగలిగితే, అసలు ఏ సీసా అవసరమూ రాదు. చీనీ చెట్లు ఆ నీళ్లను వద్దనవు.